నలభై ఒకటో కాగితం

నాకు జపాన్ భాష వచ్చని తిరుపతిలో కొన్నాళ్ళు పేరుండేది. అది సగమే నిజం. ‘బోల్టు బిగించండి’, ‘నూనె పూయండి’, ‘ఈ భాగాన్ని మళ్ళీ వాడకండి’ అని ఆ భాషలో రాసి ఉంటే చదవగలిగేవాణ్ణి. ‘భోంచేశారా’ అని అడగడం ఈ రోజుకీ రాదు.

ఆ సగం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. డెబ్బైల మధ్యలో మా ఫ్యాక్టరీకి జపాన్ నుంచి కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిని నిలబెట్టడానికి ఒక ఇంజనీరు కూడా వచ్చి పదకొండు నెలలున్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు వెనక ఓడలో వస్తాయన్నారు. ఆయన తిరిగి వెళ్ళిపోయాక వచ్చాయి. ఈలోపు ఆ డ్రాయింగుల మీద మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి రాసే పని నాకు పడింది.

ఆయనకూ నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రం. పెన్సిళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ రాతలో ఒక రకం అక్షరాలు మన అక్షరాల్లాంటివే. ‘క’కు ఒకటి, ‘కి’కి ఒకటి. నేను గుణింతాల పట్టిక గీసుకుని నెల రోజుల్లో నేర్చుకున్నాను. పరాయి మాటలన్నీ వాళ్ళు ఆ అక్షరాల్లోనే రాస్తారు. కాబట్టి పైకి చదివితే పిస్టను, బోల్టు, గాస్కెట్టు వాటంతటవే బయటపడేవి. రెండో రకం బొమ్మల్లాంటివి. వాటిని పలకడం నేర్చుకోలేదు. ఏ బొమ్మకు ఏ అర్థమో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన వెళ్ళేనాటికి ఆరు వందలు దాటాయి. మా ఆవిడ ఆ నోటుబుక్కును కోడి కెలికిన పుస్తకం అనేది.

ఇక మేస్త్రి సంగతి. రేణిగుంట రోడ్డులో ఆయనకో షెడ్డుండేది. సొంతూరు సత్యవేడు పక్క. అటు తమిళం, ఇటు తెలుగు రెండూ మాట్లాడేవాడు. తెలుగు కూడబలుక్కుని, పైకి చదివేవాడు. లారీలు, జీపులు బాగుచేసేవాడు. మా ఫ్యాక్టరీ జీపు ఆయన దగ్గరికే పోయేది. అట్లా పరిచయం.

ఎనభైల మొదట్లో ఒక రోజు మేస్త్రి మా ఇంటికి వచ్చి, షెడ్డు దాకా రమ్మన్నాడు. అక్కడ పసుపు రంగు కారొకటి ఉంది. రెండే తలుపులు, నేలకు ఆనినంత తక్కువ ఎత్తు. పుత్తూరు దగ్గర మామిడి తోటలున్న ఒకాయన దాన్ని మద్రాసులో ఓడ ఆఫీసరు దగ్గర కొన్నాడు. ఏటా మద్రాసు పక్కన షోలవరం వెళ్ళి కారు రేసులు చూసి వచ్చేవాడు. చూసి చూసి తనే పాల్గొనాలనుకున్నాడు. కొన్న నెలలోనే ఇంజనులో ఒక పిస్టను పగిలింది. మద్రాసులో రెండు వర్క్‌షాపులవాళ్ళు, పుస్తకం లేకుండా ఈ ఇంజను మీద చెయ్యి వేసేది లేదన్నారు.

“పుస్తకమైతే ఉండాది సార్,” అన్నాడు కారు యజమాని. “డిక్కీలో ఏదో చైనా బుక్కు. జాకీ కింద ఎత్తుకు పెట్టుకుంటాండా.”

తీయించి చూశాను. అది ఆ కారు వర్క్‌షాప్ మాన్యువలే. జపాన్ భాషలో ఉంది. అట్ట మీద జాకీ అచ్చు గుండ్రంగా పడి ఉంది.

మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. “సార్, ఈ బండి షోలవరంలో తిరిగి, బాగా తిరిగి ఇంటికి రావాల. అంతే నాకు కావాల్సింది. ఇట్లాంటి బండ్లు మద్రాసులో శానా ఉండాయి. సూసేవాళ్ళు లేక మూలన పడుండాయి. ఒగసారి పేరొచ్చిందంటే అవన్నీ ఈడికే వస్తాయి. లారీల కింద పడుకోని పడుకోని నా ఈపు అరిగిపోయింది.”

ఆ కారు కోసం ఆయన రెండు నెలలు లారీ పనులు ఒప్పుకోలేదు. లారీలవాళ్ళు వేరే షెడ్డు చూసుకున్నారు. ఇది నాకు అప్పుడే తెలుసు. డైరీలోనూ రాశాను.

పుస్తకం నాకు పది రోజులకే ఇచ్చారు. మద్రాసులో అదే రకం కారున్న ఇంకొకాయనకు కూడా దాంతో పనుంది. ఆయనకు మాట ఇచ్చేశారు. అందుకని నేను నాలుగు రోజులు సెలవు పెట్టి, ఇంజను భాగం వరకు రాతంతా చేత్తో ఎక్కించుకున్నాను. బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం పరచి సిరాతో గీతలు లాగాను. మాటల చోట ఖాళీలు వదిలాను. తర్వాత తీరిగ్గా తెలుగు చేసి ఆ ఖాళీల్లో రాయొచ్చు, దాన్నుంచి అమ్మోనియా ప్రింట్లు, అంటే నకళ్ళు, ఎన్నైనా తీయొచ్చు అన్నది నా పద్ధతి.

ట్రేసింగ్ కాగితం మీద గీసిన గీత రెండు వైపుల నుంచీ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ముందు కుడి మూలన నంబరు వేసి, ఆ తర్వాతే గీత మొదలుపెట్టాలి. ఏది పై వైపో నంబరే చెబుతుంది. నాకు డ్రాయింగు నేర్పిన మాస్టారు నంబరు లేని కాగితం మీద గీత గీస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ నియమం తప్పలేదు. పదో రోజు తప్పాను. ఆ రోజు ముసురు. సిరా ఆరడం లేదు. మధ్యాహ్నం కారు యజమాని మనిషి పుస్తకం కోసం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మిగిలిన ఆరు బొమ్మలను నంబర్లు లేకుండానే గీసి, ఇంట్లో బట్టలారేసే తాడుకు క్లిప్పులతో తగిలించాను. పుస్తకం ఇచ్చి పంపాక, ఆరిన కాగితాలు దించి నంబర్లు వేశాను. డైరీలో ‘మొత్తం పూర్తి’ అని ఉంది.

తెలుగు చేయడం రోజూ పొద్దున ఐదు నుంచి ఏడు దాకా. మొదటి పది కాగితాలు మేస్త్రికిస్తే ఆయన నిలబడి పైకి చదివాడు. “సంధాన దండమును... అపసవ్య దిశలో... భ్రమింపజేయవలెను.” చదివి నావైపు చూశాడు.

“ఇది కారు పుస్తకమా సార్, పూజ పుస్తకమా?”

“తప్పేముంది?”

“తప్పని కాదు. టెంకాయ యాడ కొట్టాల్నో కూడా రాసేస్తే ఒగ పని అయిపోతుంది.”

ఆ రోజు నుంచి ఆదివారాలు షెడ్డులో కూర్చుని మాటలు మార్చుకున్నాం. సంధాన దండం రాడ్డైంది. అపసవ్య దిశలో భ్రమింపజేయడం పోయి ‘ఎడమకు తిప్పు’ వచ్చింది. జపాన్ వాళ్ళు నాలుగు వాక్యాల్లో చెప్పినదాన్ని మేస్త్రి రెండు మాటల్లో అనేవాడు. నేను అదే రాసేవాణ్ణి. ఎన్ని కాగితాలు దిద్దానో, ఎన్ని మిగిలాయో వారం వారం లెక్క పెట్టుకునేవాణ్ణి. కొన్ని పాత మాటలు అక్కడక్కడా మిగిలిపోయాయి.

ఈ కాగితాల సంగతి బయటికి పొక్కింది. వేలూరు నుంచి ఒకరు, మద్రాసు నుంచి ఒకరు వచ్చి ప్రింట్లు పట్టుకెళ్ళారు. ఎవరికి ఏ నంబరు ఇచ్చానో డైరీ చివరి పేజీల్లో రాసుకున్నాను.

కొత్త పిస్టన్లు సింగపూరు నుంచి ఓడ మనిషి ద్వారా వచ్చాయి. వాటితో పాటు, ఇంజను మూత కింద పరిచే హెడ్ గాస్కెట్టు ఒకటే వచ్చింది. మేస్త్రి పాత పిస్టన్లు విప్పి, కొత్తవి రాడ్లకు ఎక్కించే రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక రాడ్డు. దానికి పాత పిస్టను ఇంకా తగులుకునే ఉంది.

ఆ రాడ్డు గురించి ఒక మాట. దాని పక్కన సన్నని చిల్లుంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ చిల్లులోంచి నూనె చిమ్మి సిలిండరు గోడను తడుపుతుంది. పిస్టను కిందికి దిగేటప్పుడు ఒక గోడకే ఎక్కువగా ఒరుగుతుంది. నూనె ఆ గోడకే పడాలి. కాబట్టి ఆ చిల్లు ఏ పక్క ఉండాలన్నది ముఖ్యం. పుస్తకంలో రాత ‘బొమ్మలో చూపినట్టు బిగించండి’ అని మాత్రమే. బొమ్మ నా నలభై ఒకటో కాగితంలో ఉంది.

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి, “సార్, ఒగ డవుటు,” అన్నాడు. “పిస్టను మీద ఈ గీత మన పక్క పెట్టుకోని సూస్తే, పాతదాంట్లో సిల్లు కుడిపక్క ఉండాది. మీ కాగితంలో ఎడమపక్క సూపిస్తాండారు.”

“అన్నీ అట్లాగే ఉన్నాయా?”

“పగిలిందాన్ని ఇడిస్తే, మూడూ అట్లే ఉండాయి.”

నేను కాగితం తీసి చూశాను. ఎడమ పక్కే ఉంది.

“పిస్టను ఎందుకు పగిలిందంటావు మేస్త్రీ?”

“ఏమో సార్.”

“అంతకు ముందు ఎవరో విప్పి తప్పుగా బిగించి ఉంటారు. ఈ బొమ్మ నేను ఊహించి గీసింది కాదు. కంపెనీవాళ్ళ బొమ్మ మీద కాగితం పరచి గీసింది.”

ఆయన రాడ్డును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “అట్లయితే సరే సార్. నా కండ్లు సెప్పేదానికంటే కంపెనీ సెప్పేదే నిజం గదా,” అన్నాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు అందులో. వెళ్ళి కాగితంలో ఉన్నట్టే బిగించాడు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: ‘మేస్త్రి ఒక సందేహం అడిగాడు. తీర్చాను.’

ఇంజను మొదటిసారికే పలికింది. యజమాని షెడ్డులో అందరికీ స్వీట్లు పంచాడు. కొత్త పిస్టన్లు గనక కొన్నాళ్ళు నెమ్మదిగా నడపమని మేస్త్రి చెబితే, ఆయన రోజూ పుత్తూరు నుంచి నగరి దాకా ఎద్దులబండి వెనకాల కూడా హారన్ కొట్టకుండా పోయి వచ్చేవాడు. రేసు ఆదివారం. ఊరివాళ్ళు చూడటానికి లారీలు కూడా మాట్లాడుకున్నారు.

ఆ ముందు బుధవారం పొద్దున నేను బల్ల దగ్గర కూర్చున్నాను. చిత్తూరు నుంచి ఒక మెకానిక్ ఉత్తరం రాసి కొన్ని కాగితాలు అడిగాడు. అందులో నలభై ఒకటి ఉంది. తీసి చూస్తే ‘దండం’ అన్న మాట ఇంకా అలాగే ఉంది. అది గీకి ‘రాడ్డు’ అని రాద్దామని బ్లేడు తీసుకున్నాను. ‘దండం’లో చివరి అక్షరం బొమ్మ గీతకు ఆనుకుని ఉంది. బ్లేడు గీత మీదుగా పోయింది. అక్షరం పోయింది, గీత పోలేదు. మళ్ళీ గీకాను. గీత మీద గీటు కూడా పడలేదు.

గోటితో తడిమాను. అక్షరాల సిరా చేతికి తగిలింది. గీత సిరా తగల్లేదు. కాగితం తిప్పి అవతలి వైపు తడిమాను. గీతలు అక్కడున్నాయి.

తాడు మీంచి దించిన ఆరింటిలో ఇదొకటి. తిరగేసి నంబరు వేశాను, ఆ తిరగేసిన వైపే మాటలు రాశాను. మిగతా ఐదూ తడిమి చూశాను. అవి సరిగానే ఉన్నాయి. ఆ బొమ్మలో పిస్టను, రాడ్డు రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. చిల్లు ఒక్కటే తేడా. అందుకే కంటికి ఆనలేదు. కంపెనీ పుస్తకం మళ్ళీ చూడాల్సిన పని లేకపోయింది. మేస్త్రి చెప్పిన మూడు రాడ్లు చాలు.

ఫ్యాక్టరీకి సెలవు చెప్పి పంపి, సైకిలు మీద షెడ్డుకు వెళ్ళాను. కాగితం చేతికిచ్చి సంగతి చెప్పాను. మేస్త్రి వెలుతురుకు ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. ముందు నవ్వాడు.

“అయితే నా కండ్లు సరిగ్గానే ఉండాయి సార్.”

తర్వాత పాత టైరు మీద కూర్చున్నాడు.

“ఇప్పితే గాస్కెట్టు పోతుంది. ఒగటే ఉన్నింది. ఇంగొకటి సింగపూర్నుంచి రావాల. ఆదివారం మాట మర్సిపోవాల్సిందే. ఇప్పకపోతే?”

“నెమ్మదిగా నడిపితే కొన్నేళ్ళు నడవచ్చు. రేసులో చెప్పలేం.”

“నేను సెప్తా. అంత స్పీడులో ఇంజను పట్టేసిందంటే సక్రాలు నిలబడిపోతాయి. బండి యాడ తిరుగుతుందో దేవుడికి తెలుసు. లోపల మనిషుండాడు సార్.”

అని లేచి చేతులు కడుక్కున్నాడు. ఇద్దరం పుత్తూరు బస్సెక్కాం. కాగితం గొట్టంలో పెట్టి ఒళ్ళో ఉంచుకున్నాను. వడమాలపేట దాటాక మేస్త్రి అన్నాడు:

“నేనే సెప్తా. మీరు గమ్మునుండండి సార్.”

“తప్పు నాది కదా.”

“పనోడు తప్పు సేసినాడంటే నాలుగు తిట్టి మర్సిపోతారు. కాగితంలో తప్పుండాదంటే ఇంగ మీ కాగితాల్ని ఎవురూ ముట్టుకోరు. అన్నేసి దినాలు కూసోని రాసినారే, అదంతా ఏమవుతుంది?”

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

యజమాని ఇంటి అరుగు మీద ఐదారుగురున్నారు. కారు పక్కనే కొట్టంలో, మీద టార్పాలిను కప్పి ఉంది. మాకు కాఫీలు వచ్చాయి. మేస్త్రి గ్లాసు ముట్టుకోకుండా నిలబడే చెప్పాడు.

“సామీ, నా సేతిలో పొరపాటు జరిగింది. ఇంజను మళ్ళా ఇప్పాల.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. ఆదివారానికి కాదు సామీ.”

“ఆదివారానికి కాకపోతే ఎందుకప్పా, పెండ్లి ఊరేగింపుకా? ఏం పొరపాటు?”

“రాడ్డు సిల్లు పక్క తప్పింది. కుడికి ఉండాల్సింది ఎడమకు ఏసినా.”

ఆయన అరుగు మీద వాళ్ళవైపు తిరిగాడు. “ఇన్నారా? మా పుత్తూర్లో కట్టు కట్టేవాళ్ళు ఇంతమంది ఉండారు. కుడికాలు ఇరిగినోనికి ఎడమకాలికి కట్టినోన్ని ఇంతవరకు సూడలేదు. మేస్త్రీ, నువ్వే మొదలు!”

అందరూ నవ్వారు. ఒకాయన, “తలకాయ ఇరిగిందంటే యాడ కడతాడో!” అన్నాడు. మళ్ళీ నవ్వారు. మేస్త్రి తల వంచుకుని తనూ నవ్వినట్టు ముఖం పెట్టాడు. యజమాని నవ్వు అయిపోయాక కోపం మొదలైంది. లారీ మెకానిక్కును తెచ్చి కారు కింద పడుకోబెట్టడం తన బుద్ధి తక్కువన్నాడు. షోలవరంలో తన పేరు రాయించానన్నాడు. మద్రాసులో నలుగురికి ఈయన గురించి చెప్పాననీ, ఇప్పుడు ఏ ముఖంతో పోవాలనీ అడిగాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను బెంచీ చివర కూర్చుని కాఫీ తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. ఈ సంగతి డైరీలో లేదు. కానీ బాగా గుర్తుంది.

గ్లాసు కింద పెట్టి గొట్టం మూత తీశాను. కాగితం ఆయన ముందు పరిచాను.

“ఇది నేను గీసింది. తిరగేసి రాశాను. ఆయన ఈ కాగితం చూసి బిగించాడు.”

కాగితాన్ని తిప్పి చూపించాను. ఒక పక్క నుంచి చిల్లు ఎడమకు, ఇంకో పక్క నుంచి కుడికి. ఆయన తనే చేతిలోకి తీసుకుని రెండు మూడు సార్లు తిప్పాడు. అరుగు మీద నవ్వు ఆగింది.

“మేస్త్రి మిమ్మల్ని అడిగినాడా సార్?”

“అడిగాడు. పాతవాటిలో కుడికి ఉందని రాడ్డు తెచ్చి చూపించాడు. నేను కాదన్నాను.”

ఆయన మేస్త్రివైపు తిరిగాడు. “కండ్లతో సూసి కూడా, ఆయన సెప్పినాడని ఏసినావా?”

“కాగితం గదా సామీ.”

“కాగితమంట! రేపు నన్ను కట్టెల మీద పెట్టి, ఇది కూడా కాగితంలో ఉండాదని సెప్పుంటారు ఇద్దరూ.”

ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి కొట్టంలోకి పోయి టార్పాలిను తీశాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు.

“తోలకపొండి. నిదానంగా పొండి.”

ఆ ఆదివారం ఆయన లారీల జనంతో కలిసి షోలవరం వెళ్ళి రేసు చూసి వచ్చాడు. మేమిద్దరం షెడ్డులో ఉన్నాం. మేస్త్రి హెడ్డు విప్పి, పిస్టన్లు ఒక్కొక్కటీ బయటికి లాగి, గుడ్డ మీద వరసగా పెట్టాడు. సిలిండరు తుడిచి నన్ను పిలిచాడు.

“ఏలు పెట్టి సూడండి సార్. ఈ పక్క.”

పెట్టాను. గోడ మీద నిలువుగా సన్నని గీతలు. కంటికి కనిపించీ కనిపించనట్టున్నాయి. వేలికి తెలిశాయి.

“అవతల పక్క సూడండి.”

అవతల నున్నగా ఉంది.

“నెమ్మదిగా తోలితేనే ఇంత,” అన్నాడు. గీతలు లోతుగా లేవు గనక సానపెడితే పోయాయి. రాడ్లన్నీ తిప్పి బిగించాడు. గాస్కెట్టు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్ళూ కారు షెడ్డులోనే ఉంది.

వేలూరుకు, మద్రాసుకు అదే వారంలో ఉత్తరాలు రాశాను. వేలూరు నుంచి నలభై ఒకటో ప్రింటు తిరిగి వచ్చింది. మద్రాసు ఆయన తన ప్రింటు చించేశానని రాశాడు, కాని అంతకు ముందే దాన్ని చూసి ఇంకెవరో చేత్తో గీసుకుని పోయారట. ఆ ఇంకెవరో ఎవరన్నది తెలియలేదు. మూడు ఉత్తరాలు రాశాను. ఆ వరస ఇప్పటికీ నా డైరీలో ఖాళీగానే ఉంది.

షోలవరంలో కారు ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకందరికీ యజమాని ఈ కథ చెప్పాడట. కాస్త ఉప్పూకారం వేసి కూడా చెప్పి ఉంటాడు. దాని ఫలితంగా నాకు మద్రాసు నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అందరూ కాగితాలే అడిగారు. మేస్త్రి గురించి ఎవరూ రాయలేదు. అటు లారీలు పోయాయి, ఇటు కార్లు రాలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని పేపరు పైకి చదువుతూ కనిపించేవాడు.

ఆ ఉత్తరాలకు వారం రోజులు జవాబు రాయలేదు. తర్వాత ఒక ఆదివారం ట్రేసింగులన్నీ, నా నోటుబుక్కుతో సహా, రేకు పెట్టెలో సర్ది రిక్షాలో షెడ్డుకు తెచ్చాను.

“ఇవన్నీ నాకెందుకు సార్?” అన్నాడు మేస్త్రి. “జపాను రాత నేనేం సదువుతా?”

“నువ్వు చదవక్కర్లేదు. ఇక్కడుండనీ. నేను ఆదివారం ఆదివారం వస్తాను. కాగితం కావాల్సినవాళ్ళు షెడ్డుకే రావాలని రాస్తున్నాను.”

“వస్తారంటారా?”

“పోస్టులో పంపనని రాస్తే వస్తారు.”

“బస్సులో వచ్చి, కాగితం సంకన పెట్టుకోని పోతే?”

“అంతంత కార్లున్నవాళ్ళు బస్సులో వస్తారా మేస్త్రీ?”

ఆయన పెట్టె లోపలికి జరిపాడు.

మొదట వచ్చినవాడు తెల్ల కారులో వచ్చాడు. కాగితం తీసుకుని, ఇంజను చప్పుడు ఎందుకో తేడాగా ఉందని వెళ్ళబోతూ అన్నాడు. మేస్త్రి బానెట్ ఎత్తమన్నాడు. ఆ కారు మూడు వారాలు ఉండిపోయింది. ఆ తర్వాత నెలకు ఒకటి, రెండు. షెడ్డు వెనక ఇంకో రేకుల వసారా దింపాల్సి వచ్చింది. మరుసటేడు పసుపు కారు షోలవరంలో అన్ని చుట్లూ తిరిగింది. మొదటి ముగ్గురిలో రాలేదు. ఇంజను మాత్రం చల్లగా ఇంటికి వచ్చింది. మేస్త్రి వెళ్ళి చూసి వచ్చాడు. నేను వెళ్ళలేదు.

పని పద్ధతి కూడా మారింది. ఏ ఇంజను విప్పినా, విప్పేటప్పుడు ఏది ఏ పక్క ఉందో మేస్త్రి సుద్దముక్కతో షెడ్డు నేల మీద గీసేవాడు. నేను పెట్టె తెరవక ముందు ఆ సుద్ద బొమ్మ చూడాలి. రెండూ కలిస్తేనే బిగించడం. నేను వెళ్ళిన కాలమంతటిలో రెండు సార్లు కలవలేదు. ఒకసారి సుద్ద తప్పు, ఒకసారి కాగితం తప్పు.

డైరీలో ‘తీర్చాను’ అన్న మాటను కొట్టేయలేదు. దాని పక్కన పేజీ నంబరు వేసి, బుధవారం పేజీ చూడమని రాసుకున్నాను.

నలభై ఒకటో కాగితాన్ని మళ్ళీ గీసి పెట్టెలో పెట్టాను. పాతది చింపేద్దామంటే మేస్త్రి ఇవ్వలేదు. షెడ్డు కిటికీ అద్దానికి అంటించాడు. లోపల నిలబడి చూస్తే మాటలు సరిగ్గా కనిపించేవి, బొమ్మ తప్పు. బయట రోడ్డు మీద నుంచి చూస్తే బొమ్మ సరి, మాటలు తిరగబడి ఉండేవి. మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే మేస్త్రి నావైపు చూడకుండా జవాబు చెప్పేవాడు.

“సదువుకున్నోళ్ళయితే లోపలికొచ్చి సూడండి. పనోళ్ళయితే బయట నిలబడి సూడండి.”